కురిసిన వానలో భూగర్భానికి చేరేది ఎంత? గ్రామాల నీటి లెక్క ఎలా తయారవుతుంది?

గ్రామ పరిధిలోని భూమిని దేనికి వినియోగించాలో సూచించే నివేదికల్లో సాధారణంగా ఒక అంకె కనిపిస్తుంది. ఏటా కురిసే వర్షంలో ఎంత నీరు భూగర్భానికి చేరుతున్నదో చెప్పే అంకె అది. కొత్త బోరుబావికి అనుమతి ఇవ్వవచ్చా, యాసంగిలో ఎన్ని ఎకరాల వరికి నీరు సరిపోతుంది, సాగుభూమిని ఇళ్ల స్థలాలుగా మారిస్తే బావులపై ఏ ప్రభావం పడుతుంది వంటి ప్రశ్నలకు సమాధానం చివరకు ఈ అంకె దగ్గరే తేలుతుంది.

వర్షాన్ని వర్షమాపకంతో కొలవవచ్చు. బావిలో నీటిమట్టాన్ని టేపుతో కొలవవచ్చు. ఈ రెండింటి మధ్య నేలలో జరిగే ప్రయాణాన్ని మాత్రం గ్రామమంతటా నేరుగా కొలిచే సాధనం లేదు. అందువల్ల భూగర్భజలాల పునర్భరణంగా నివేదికల్లో కనిపించేది కొలత కాదు, అంచనా. ఎంచుకున్న పద్ధతిని బట్టి ఒకే గ్రామానికి, ఒకే ఏడాదికి రెండు రెట్ల తేడాతో అంకెలు రావడం అరుదేమీ కాదు.

దేశం మొత్తానికి చూస్తే, కేంద్ర భూగర్భజల మండలి రాష్ట్రాలతో కలిసి చేసిన 2024 మదింపు ప్రకారం ఏటా భూగర్భానికి చేరే నీరు 446.90 బిలియన్ ఘనపు మీటర్లు, అంటే సుమారు 15,780 టీఎంసీలు. అందులో తోడుకోదగినది 406.19 బిలియన్ ఘనపు మీటర్లు. తోడుతున్నది 245.64 బిలియన్ ఘనపు మీటర్లు. సగటున వినియోగం 60.47 శాతమేనని ఈ లెక్క చెబుతుంది. అయితే మదింపు జరిగిన 6,746 యూనిట్లలో 751 యూనిట్లు పునర్భరణానికి మించి తోడుతున్న జాబితాలో ఉన్నాయి. గంగా మైదానంలోని ఒండ్రు నేలల్లో మిగిలిన నీరు రాయలసీమ బోరుకు చేరదు కనుక, జాతీయ సగటు ఒక గ్రామానికి దాదాపు ఏమీ చెప్పదు.

పదును దాటిన తరువాతే

ఎండిన నేలపై పడిన తొలి వానలు నేరుగా భూగర్భానికి చేరవు. ముందుగా మట్టి రేణువుల మధ్య ఖాళీలు తడవాలి. మొక్కల వేర్లు తమ వాటా తీసుకుంటాయి, ఎండకు కొంత ఆవిరవుతుంది. వాన వేగం నేల పీల్చుకునే వేగాన్ని మించితే మిగిలినది వాగుల్లోకి పారుతుంది. వేర్ల మండలం పూర్తిగా తడిసి, ఇక పట్టి ఉంచలేని స్థితికి వచ్చాకనే నీరు మరింత కిందికి దిగుతుంది.

దుక్కికి, విత్తనానికి సరిపడా తేమ వచ్చిందని చెప్పడానికి తెలుగు రైతు ‘పదునైంది’ అంటాడు. జలశాస్త్రం పునర్భరణ లెక్కలో ముందే తీసివేసే కనీస వర్షం ఇంచుమించు ఇదే భావానికి అంకె రూపం. పదునుకు మాత్రమే చాలిన వాన పంటకు ప్రాణం పోయవచ్చు, బావికి మాత్రం ఏమీ ఇవ్వదు.

నేలను బట్టి ఈ ప్రయాణం మారుతుంది. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న ఎర్ర చెలకలో నీరు త్వరగా దిగుతుంది. నల్లరేగడి మొదట పగుళ్ల గుండా నీటిని గబగబా మింగి, తడిసి ఉబ్బిన తరువాత తలుపు మూసుకుంటుంది. వాన తీరు కూడా ముఖ్యమే. గాంధీనగర్ ఐఐటీ పరిశోధకులు పాల్గొన్న 2018 నాటి అధ్యయనం, వాయవ్య, ఉత్తర మధ్య భారతంలో వానకాలపు పునర్భరణానికి తక్కువ తీవ్రత గల వానలతో ఎక్కువ సంబంధం ఉందని, దక్షిణాదిలో మాత్రం అధిక తీవ్రత గల వానలదే ప్రధాన పాత్ర అని గుర్తించింది. భారీ వాన అంటే వృథా వాన అన్న సాధారణ అభిప్రాయం దక్కను పీఠభూమికి యథాతథంగా వర్తించదన్నమాట.

దోఆబ్ సూత్రం అనంతపురానికి వస్తే

వర్షం నుంచి పునర్భరణాన్ని లెక్కకట్టే భారతీయ సూత్రాల్లో అత్యంత ప్రసిద్ధమైనది 1936 నాటి చతుర్వేది సూత్రం. గంగా-యమున దోఆబ్‌లో వర్షపాతాన్ని, బావుల నీటిమట్టాల్లోని మార్పులను పోల్చి దీనిని రూపొందించారు. ఏడాది వర్షపాతాన్ని అంగుళాల్లో తీసుకుని అందులోంచి 15 తీసివేయాలి. మిగిలిన దానిని 0.4 ఘాతానికి పెంచి, రెండుతో గుణించాలి. 40 అంగుళాల వర్షానికి ఇది ఏడు అంగుళాలకు కొంచెం పైగా పునర్భరణం చూపుతుంది. 15 అంగుళాలకు మించని ఏడాదిలో సున్నా. తరువాతి కాలంలో ఉత్తరప్రదేశ్ నీటిపారుదల పరిశోధన సంస్థ ఈ సూత్రంలోని స్థిరాంకాలను సవరించింది.

సూత్రం పుట్టిన చోట దానికి అర్థముంది. అక్కడ నేల కింద వందల మీటర్ల లోతు వరకు ఇసుక, ఒండ్రు పొరలున్నాయి. చిక్కంతా దానిని గ్రానైట్ ప్రాంతాలకు మోసుకువచ్చినప్పుడే. అనంతపురం ప్రాంతపు సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. దోఆబ్ సూత్రంలో ఈ అంకె వేస్తే పునర్భరణం 108 మిల్లీమీటర్లుగా వస్తుంది. దేశంలో ప్రస్తుతం అమల్లో ఉన్న పద్ధతిలో, బంకమట్టి తక్కువగా ఉన్న గ్రానైట్ నేలకు అదే వర్షం సుమారు 54 మిల్లీమీటర్లే ఇస్తుంది. సరిగ్గా సగం.

ప్రస్తుత పద్ధతి అనేక కమిటీల కృషి ఫలితం. 1979లో తొలి కమిటీ నియమాలు వచ్చాయి. ఆ తరువాత భూగర్భజల అంచనా కమిటీలు 1984, 1997, 2015లలో వాటిని సవరిస్తూ వచ్చాయి. ఇప్పుడు రాష్ట్రాలన్నీ 2015 పద్ధతినే అనుసరిస్తున్నాయి. లెక్కలు వేసే ‘ఇన్‌గ్రెస్’ సాఫ్ట్‌వేర్‌ను కేంద్ర భూగర్భజల మండలి హైదరాబాద్ ఐఐటీతో కలిసి తయారు చేయించింది.

ఈ పద్ధతిలో సులభమైన మార్గం వర్షపు ఇంకుడు శాతం. సాధారణ వర్షపాతంలో పదో వంతును పదును కోసం తీసివేసి, మిగిలిన దానిని నేల కింది రాతిని బట్టి నిర్దేశించిన శాతంతో గుణిస్తారు. గంగా మైదానపు ఒండ్రు నేలలకు ఆ శాతం 22, తూర్పు తీరపు ఒండ్రు నేలలకు 16, పశ్చిమ తీరానికి 10. మహారాష్ట్రలో విస్తారంగా కనిపించే బసాల్ట్‌లో రంధ్రాలు, పగుళ్లు ఉంటే 13, శిథిలమై మట్టిగా మారినదైతే 7. తెలుగు రాష్ట్రాల్లో అత్యధిక భాగాన ఉన్న గ్రానైట్, నీస్ శిలలు శిథిలమైన చోట బంకమట్టి తక్కువగా ఉంటే 11, ఎక్కువగా ఉంటే 8. పగుళ్లు లేని గట్టి రాయికి ఒక శాతం. నిట్టనిలువు కొండవాలులో నీరు నిలవదు కనుక 20 శాతానికి మించి వాలున్న భూమిని లెక్కలోంచే తొలగిస్తారు. ఈ తొలగింపు మరచిపోతే గుట్టలున్న గ్రామాల అంకె అమాంతం పెరిగిపోతుంది.

ఎకరాల్లో చెబితే

మిల్లీమీటర్లలో ఉన్న తేడా చిన్నదిగా కనిపిస్తుంది. దానిని పంట విస్తీర్ణంలోకి మార్చితే గాని అసలు బరువు తెలియదు. 1,000 హెక్టార్లు, అంటే సుమారు 2,470 ఎకరాలున్న గ్రామాన్ని ఊహించుకుందాం. వర్షం 550 మిల్లీమీటర్లు. కాలువ లేదు, నేల కింద గ్రానైట్. ఒక హెక్టారుపై ఒక మిల్లీమీటరు నీరంటే 10 ఘనపు మీటర్లు. 11 శాతం లెక్కన గ్రామానికి వచ్చేది దాదాపు 5.4 లక్షల ఘనపు మీటర్లు. వాగుల్లోకి సహజంగా ఊరిపోయే వాటాగా పదో వంతు పక్కన పెడితే 4.9 లక్షలు మిగులుతాయి.

హెక్టారు వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే ఇది దాదాపు 100 ఎకరాలకు సరిపోతుంది. 500 మిల్లీమీటర్లతో పండే ఆరుతడి పంటకైతే 240 ఎకరాలు. అదే గ్రామంలో బంకమట్టి ఎక్కువని తేలి 8 శాతం తీసుకుంటే వరి 73 ఎకరాలకు పడిపోతుంది. దోఆబ్ సూత్రం వాడిన నివేదిక మాత్రం 200 ఎకరాలకు భరోసా ఇస్తుంది. వాన మారలేదు, నేల మారలేదు. కాగితం మీద వరి మడి రెండింతలైంది. ఆ కాగితాన్ని నమ్మి అప్పు చేసి బోరు వేసిన రైతు భరించే నష్టం ఏ గుణకాల పట్టికలోనూ కనిపించదు.

బావి చెప్పే సాక్ష్యం

ఇంకుడు శాతం రాతిని బట్టి ముందే నిర్ణయించినది. గ్రామంలోని బావి ఏమంటున్నదో అది అడగదు. అందుకే కమిటీలు మొదటి నుంచీ నీటిమట్టపు హెచ్చుతగ్గుల పద్ధతికి ప్రాధాన్యం ఇచ్చాయి. వానకాలానికి ముందు, తరువాత బావుల్లో నీటిమట్టాన్ని కొలుస్తారు. ఎంత పెరిగిందో ఆ పెరుగుదలను రాతిపొర దిగుబడి శాతంతో గుణిస్తారు. ఆ వానకాలంలో తోడిన నీటిని కలిపి, చెరువులు, కాలువలు, తడిపిన పొలాల నుంచి తిరిగి ఇంకిన నీటిని తీసివేస్తే వర్షం వల్ల కలిగిన పునర్భరణం తేలుతుంది.

ఇక్కడ కీలకమంతా ‘దిగుబడి శాతం’లోనే ఉంది. నిపుణులు స్పెసిఫిక్ యీల్డ్ అనేది దీనినే. నీటితో నిండిన రాతిపొరను వంద ఘనపు మీటర్ల మేర ఎండగడితే ఎన్ని ఘనపు మీటర్ల నీరు వస్తుందన్నదే దీని అర్థం. ఇసుక ఒండ్రులో అది 16 దాకా ఉంటుంది. బంకమట్టి తక్కువగా ఉన్న శిథిల గ్రానైట్‌లో 3, ఎక్కువగా ఉంటే 1.5. గోదావరి ఒడ్డున ఇసుక నేలలో బావి ఒక మీటరు పెరిగితే 160 మిల్లీమీటర్ల నీరు చేరినట్టు. చెలక నేలలోని బావి అదే మీటరు పెరిగితే 15 నుంచి 30 మిల్లీమీటర్లు మాత్రమే. ‘ఈ ఏడు నీటిమట్టం నాలుగు మీటర్లు పెరిగింది’ అన్న వార్త ఎంత నీరు చేరిందో చెప్పకపోవడానికి కారణం ఇదే. రాయి ఎంత పిసినారిదైతే నీటిమట్టం అంత త్వరగా లేస్తుంది, అంతే త్వరగా పడుతుంది.

మన ఊహా గ్రామంలో వానకాలంలో నీటిమట్టం సగటున 2.5 మీటర్లు పెరిగిందనుకుందాం. సౌలభ్యం కోసం ఏడాది వర్షమంతా ఆ కాలంలోనే కురిసిందనీ, తోడిన నీరు 15 మిల్లీమీటర్లు, ఇతర మార్గాల్లో ఇంకినది 10 మిల్లీమీటర్లనీ అనుకుందాం. దిగుబడి 1.5 శాతమైతే పునర్భరణం 42.5 మిల్లీమీటర్లు, 3 శాతమైతే 80. బంకమట్టి నేలకు ఇంకుడు శాతం పద్ధతి ఇచ్చేది 39.6 మిల్లీమీటర్లు కనుక మొదటి అంకె దానికి దగ్గరగానే ఉంది. రెండో సందర్భంలో ఇంకుడు శాతం 54 అంటుండగా బావి 80 అంటున్నది.

రెండు పద్ధతుల మధ్య తేడా 20 శాతంలోపు ఉంటే బావి మాటకే విలువ. అంతకు మించితే ఇంకుడు శాతపు అంకెను 1.2తో, లేదా తేడా తక్కువవైపు ఉంటే 0.8తో గుణించి సరిపెడతారు. కనుక 80 స్థానంలో 65 నమోదవుతుంది. ఇది విజ్ఞానసూత్రం కన్నా పాలనాపరమైన కంచె అనడం సమంజసం. విపరీతమైన అంకెలు రాకుండా అది ఆపుతుంది. అయితే పట్టికలోని శాతమే ఆ గ్రామానికి సరిపడనిదైతే, నిజం చెబుతున్న బావిని కూడా అదే కంచె ఆపుతుంది.

బావిని చదవడంలోనూ మెలకువ అవసరం. పక్కనే మోటారు నడుస్తున్న బావిలో మట్టం కృత్రిమంగా పడిపోయి ఉంటుంది. లోతైన బోరులో కనిపించే మట్టం చాలాసార్లు పగుళ్లలోని ఒత్తిడిని చూపుతుంది, పై మొరం పొరలో నిల్వ ఉన్న నీటిని కాదు. పైగా ఏళ్ల తరబడి తోడకం వల్ల మొరం పొర ఎండిపోయి నీటిమట్టం గట్టి రాతి పగుళ్లలోకి దిగిన ప్రాంతాల్లో, మొరానికి ఉద్దేశించిన దిగుబడి శాతాన్నే వాడితే లేని నీరు ఉన్నట్టు తేలుతుంది.

మహేశ్వరంలో వేసవి చెప్పిన సంగతి

దిగుబడి శాతాన్ని పట్టిక నుంచి అరువు తెచ్చుకోకుండా గ్రామం నుంచే రాబట్టలేమా? హైదరాబాద్‌కు దక్షిణాన సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న మహేశ్వరం పరీవాహక ప్రాంతంలో ఈ ప్రశ్నకు సమాధానం దొరికింది. 53 చదరపు కిలోమీటర్ల ఈ గ్రానైట్ ప్రాంతంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రాన్స్ భూగర్భ పరిశోధన సంస్థ కలిసి ఏళ్ల తరబడి అధ్యయనాలు చేశాయి. 2006లో ప్రచురితమైన వారి పద్ధతి ఆశ్చర్యపరిచేంత సరళం.

వేసవిలో వాన ఉండదు. అప్పుడు నీటిమట్టం పడిపోవడానికి ప్రధాన కారణం తోడకమే. ఏ పంట ఎంత విస్తీర్ణంలో ఉంది, బోర్లెన్ని, అవి రోజుకు ఎన్ని గంటలు నడిచాయి అన్న వివరాలతో తోడిన నీటిని లెక్కించవచ్చు. పొలాల నుంచి తిరిగి ఇంకిన నీటిని మినహాయించి, మిగిలిన పరిమాణాన్ని నీటిమట్టపు తగ్గుదలతో భాగిస్తే దిగుబడి శాతం వచ్చేస్తుంది. మహేశ్వరంలో అది 1.4 శాతంగా తేలింది. అదే శాతాన్ని వానకాలపు పెరుగుదలకు అన్వయించి పునర్భరణాన్ని అంచనా వేశారు. పట్టికలోని 3 శాతాన్ని గుడ్డిగా వాడి ఉంటే నిల్వలో వచ్చిన పెరుగుదల రెండింతలకు పైగా కనిపించేది.

ఇతర మార్గాలూ ఉన్నాయి. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1970ల నుంచి దేశంలోని అనేక పరీవాహక ప్రాంతాల్లో ట్రిటియం పద్ధతిని ప్రయోగించింది. వానకాలానికి ముందు వేర్ల మండలం దిగువన స్వల్ప పరిమాణంలో ట్రిటియం కలిపిన నీటిని ఉంచి, వానలు తగ్గాక మట్టిని తవ్వితీసి అది ఎంత లోతుకు జరిగిందో చూస్తారు. మరో పద్ధతిలో క్లోరైడ్ ఆధారం. వాన నీటిలోని ఉప్పు ఆవిరి కాదు, నీరు మాత్రమే ఆవిరవుతుంది. వాననీటి కన్నా భూగర్భజలంలో క్లోరైడ్ 15 రెట్లు గాఢంగా ఉంటే, కురిసిన వర్షంలో పదిహేనో వంతు కిందికి చేరినట్టు. చారు మరిగిన కొద్దీ ఉప్పదనం పెరగడం వంటిదే ఇది. ఎరువులు, మురుగునీరు కలిసిన ఊరి బావి దగ్గర మాత్రం ఈ లెక్క పునర్భరణాన్ని తక్కువ చేసి చూపుతుంది. 2002 నుంచి గురుత్వాకర్షణలోని సూక్ష్మ మార్పులను పరిశీలించి భూగర్భజల నిల్వలను అంచనా వేస్తున్న గ్రేస్ ఉపగ్రహాల చూపు చాలా విశాలమైనది. రాష్ట్రాల స్థాయిలో ఉపయోగపడే ఆ సమాచారంలో గ్రామం కనిపించదు.

పట్టికలో భూ వినియోగం గడి లేదు

భూ వినియోగ మదింపు చేసేవారికి ఎదురయ్యే పెద్ద చిక్కు ఇది. ఇంకుడు శాతం పట్టిక రాళ్ల రకాలను బట్టి ఉంది. మెట్ట పొలం, మామిడి తోట, యూకలిప్టస్ వనం, బీడు భూమి, అన్నింటికీ ఒకే శాతం. వేర్లు లోతుగా దిగే యూకలిప్టస్ తోటలు నీరు నేలలోకి దిగేందుకు సహాయపడినా, దిగిన తేమను ఏడాది పొడవునా తోడేస్తాయి. చెట్లు నాటితే బావులు నిండుతాయన్న మాట అన్ని చోట్లా, అన్ని చెట్లకూ నిజం కాదు.

పట్టణ ప్రాంతాలకు మాత్రం 2015 పద్ధతి ఒక తాత్కాలిక ఏర్పాటు చేసింది. సిమెంటుతో కప్పిన నేల కారణంగా మామూలు ఇంకుడు శాతంలో 30 శాతాన్నే తీసుకోవాలని సూచించింది. దీనిని మన ఊహా గ్రామంలో 100 ఎకరాల లేఅవుట్‌కు అన్వయిస్తే, ఏటా కోల్పోయే పునర్భరణం సుమారు 15,400 ఘనపు మీటర్లు. ఇది మూడెకరాల వరికి సరిపడే నీరు. లేఅవుట్లకు వ్యతిరేకంగా వినిపించే వాదనల ఉద్ధృతితో పోల్చితే ఈ నష్టం స్వల్పమే అనిపిస్తుంది. కాని అక్కడ 500 ఇళ్లు వచ్చి, ఇంటికి నలుగురు చొప్పున రోజుకు తలా 100 లీటర్లు బోర్ల నుంచే తోడుకుంటే ఏడాదికి 73,000 ఘనపు మీటర్లవుతుంది. ఇంకకుండా పోయిన నీటికి ఇది దాదాపు అయిదు రెట్లు. తోడిన దానిలో కొంత మరుగుదొడ్ల గుంతల ద్వారా తిరిగి నేలకే చేరుతుంది, నాణ్యత సంగతి వేరు. వ్యవసాయ భూమి మార్పిడి నివేదిక పునర్భరణ నష్టాన్ని మాత్రమే చూపి తోడకాన్ని వదిలేస్తే, లెక్కలో చిన్న పద్దు రాసి పెద్ద పద్దు దాచినట్టే.

సాగులోనూ ఇలాంటి మెలిక ఒకటుంది. భూగర్భజలంతో వరి పండించే చోట, నీటిమట్టం 10 మీటర్లలోపే ఉంటే తోడిన నీటిలో 45 శాతం తిరిగి ఇంకుతుందని నియమాలు చెబుతాయి. మట్టం లోతుకు పోయిన కొద్దీ ఈ వాటా బాగా తగ్గుతుంది. హెక్టారు వరికి 12,000 ఘనపు మీటర్లు తోడితే 5,400 వెనక్కి వస్తాయి. అసలు ఖర్చు 6,600. ఆ పొలం 5,000 ఘనపు మీటర్లు మాత్రమే తోడే బిందు సేద్యపు తోటగా మారితే 7,000 మిగిలినట్టు పథకాల పత్రాలు రాస్తాయి. బిందు సేద్యంలో వెనక్కి ఇంకేది దాదాపు ఉండదు కనుక నిజమైన ఆదా 1,600 మాత్రమే. కరెంటు ఖర్చు తగ్గడం, రైతుకు శ్రమ తగ్గడం వాస్తవాలే. ఆదా అయిందన్న ఆ 7,000తో మరో మూడున్నర ఎకరాల తోట వేస్తే మాత్రం నీటిమట్టం ముందుకన్నా వేగంగా పడిపోతుంది.

పునర్భరణం తోడకంతో సంబంధం లేని స్థిరమైన అంకె అన్న భావన కూడా అన్ని చోట్లా నిలవదు. గంగా మైదానంలో వేసవిలో భూగర్భజలాన్ని తోడి ఖాళీ చేస్తే వానకాలపు వరద నీటికి చోటు దొరుకుతుందని రోజర్ రెవెల్, వి.లక్ష్మీనారాయణ 1975లోనే ప్రతిపాదించారు. బంగ్లాదేశ్‌లోని వందలాది పరిశీలక బావుల రికార్డులను పరిశీలించి 2022లో వెలువడిన అధ్యయనం, 1988-2018 మధ్య రైతుల తోడకం వల్ల ఇలా అదనంగా ఇంకిన నీరు 75 నుంచి 90 ఘనపు కిలోమీటర్లని లెక్కగట్టింది. అక్కడ నేల నిండి పొంగేంత వాన ఉంది, ఇసుక పొరలున్నాయి. వానే తక్కువైన గ్రానైట్ ప్రాంతంలో బావిని ఎంత ఖాళీ చేసినా నింపడానికి నీరు రావాలి కదా. బెంగాల్ అనుభవాన్ని దక్కనుకు తేవడం దోఆబ్ సూత్రాన్ని అనంతపురానికి తేవడం వంటిదే అవుతుంది.

మండలం సగటు, ఊరి బావి

అధికారిక మదింపు మండలాన్నో, పరీవాహక ప్రాంతాన్నో యూనిట్‌గా తీసుకుంటుంది. 70 శాతం వరకు వినియోగముంటే సురక్షితం, 90 వరకు పాక్షిక సంక్లిష్టం, 100 వరకు సంక్లిష్టం, ఆపైన మితిమీరిన తోడకం. గ్రామ నివేదికల్లో చాలావరకు ఇదే అంకెను విస్తీర్ణాన్ని బట్టి పంచి రాస్తారు. మండలంలో ఒక పక్క పెద్ద చెరువు ఆయకట్టు, మరో పక్క గుట్టల నడుమ మెట్ట గ్రామం ఉంటే సగటు అంకె రెండింటికీ తప్పే. చెరువు కింది ఊరికి ఉన్న నీరు లేనట్టు, మెట్ట ఊరికి లేని నీరు ఉన్నట్టు చూపుతుంది.

దీనికి భిన్నమైన దారిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులే చూపారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 2003 నుంచి 2009 వరకు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో రైతుల యాజమాన్యంలో భూగర్భజల వ్యవస్థల పథకం నడిచింది. 600కు పైగా గ్రామాల్లో రైతులు, అందులో గణనీయంగా మహిళలు, వర్షమాపకాల్లో వానను, పరిశీలక బావుల్లో నీటిమట్టాన్ని క్రమం తప్పకుండా కొలిచి నమోదు చేశారు. ఏటా యాసంగికి ముందు ఊరంతా కూర్చుని, వానకాలంలో చేరిన నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని బేరీజు వేసుకునేవారు. ఫలానా పంట వేయరాదన్న నిషేధం లేదు, మానితే డబ్బిస్తామన్న ప్రోత్సాహం లేదు. లోటు గోడ మీద రాసి ఉండేది. వరి తగ్గించాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకునేవారు.

గ్రామ పంచాయతీ స్థాయిలో నీటి బడ్జెట్ తయారు చేయించే అటల్ భూజల్ యోజనను కేంద్రం 2019 డిసెంబరులో ఏడు రాష్ట్రాల్లో ప్రారంభించింది. గుజరాత్, హరియాణా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లతో కూడిన ఆ జాబితాలో తెలుగు రాష్ట్రాలు లేవు. కేంద్ర భూగర్భజల మండలి తన పరిశీలక బావులను ఏడాదికి నాలుగుసార్లు, అంటే జనవరిలో, వేసవిలో, ఆగస్టులో, నవంబరులో కొలుస్తుంది. ఊళ్లో పక్షానికోసారి టేపు వేసి నమోదు చేసే పుస్తకం వాటికన్నా ఎంతో దట్టమైన సమాచారం. పదేళ్ల వాన, పదేళ్ల నీటిమట్టం, వేసవి తోడకం ఒకే పుస్తకంలో ఉన్న గ్రామానికి మహేశ్వరం తరహాలో తన రాతి దిగుబడి శాతాన్ని తానే రాబట్టుకునే వీలుంటుంది. దానికి కావలసినవి ఒక వర్షమాపకం, ఒక టేపు, మోటారు పెట్టని ఒక పాత బావి.